మన వాన సంగతి మన సముద్రాన్నే అడగాలి

జూన్ రెండో వారం. పగలంతా చెన్నైలో మేముండే వేళచ్చేరిలో నలభై డిగ్రీల ఎండ కాసింది. సాయంత్రం ఐదింటికి పాపను వెంటబెట్టుకుని తిరువాన్మియూరు తీరానికి వెళ్ళాను. ఇసుక ఇంకా కాలుతూనే ఉంది. చెప్పులు చేతపట్టుకుని ఇద్దరం నీళ్ళ అంచుకు పరిగెత్తాం. అల వచ్చి పాదాల మీద పడిందో లేదో, పాప వెనక్కి గెంతింది. "నాన్నా, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళలా ఉన్నాయి!" అంది. నిజమే, జిల్లుమన్నాయి. ఏప్రిల్లో ఇదే చోట నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. రెండు నెలలు ఎండ మండిపోయాక ఇంకా వేడెక్కాల్సింది పోయి ఇలా చల్లబడడమేమిటి?

పక్కనే కట్టుమరం నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒకాయన మా మాటలు విని నవ్వాడు. కచ్చాన్ గాలి పట్టుకుంటే నీళ్ళు ఇట్లాగే చల్లబడతాయని తమిళంలో చెప్పాడు. కచ్చాన్ అంటే పడమర, నైరుతి దిక్కుల నుంచి వీచే గాలి. ఒళ్ళు మాడ్చే గాలి సముద్రాన్ని చల్లబరుస్తుందంటే మా పాప నమ్మలేదు. ఆయన మాత్రం రోజూ చూసే సంగతే కాబట్టి వివరించాలని కూడా అనుకోలేదు, మళ్ళీ వల మీదికి వంగాడు.

ఇంటికొచ్చాక పాపకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. గాలి తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. అది తోసిన నీరు నేరుగా గాలి వెంట పోదు. భూమి తిరుగుతోంది కాబట్టి, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న మన వైపు ఆ నీరు కుడిచేతి వైపుకు మళ్ళుతుంది. మన తీరానికి కుడివైపంటే తూర్పు, అంటే నడిసముద్రం. పైన ఉన్న వెచ్చటి నీరు అటు జరిగిపోతే ఆ ఖాళీని నింపడానికి అడుగునుంచి చల్లటి నీరు పైకి రావాలి. మా పాప కాలికి తగిలింది ఆ అడుగు నీరే. చల్లబడిన నీటి మీది గాలి కూడా చల్లబడుతుంది. మధ్యాహ్నం నేల కాగిపోయి దాని మీది గాలి పైకి లేచేటప్పుడు ఈ చల్లగాలి ఊళ్ళోకి వస్తుంది. చెన్నైలో అందరం ఎదురుచూసే సముద్రపు గాలి అదే. పడమటి గాలి మరీ బలంగా ఉన్న రోజున అది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. అటువంటి రోజుల్లోనే ఊరు ఉడికిపోతుంది. వచ్చిన సముద్రపు గాలి పడమటి గాలిని ఎక్కడ ఢీకొంటే అక్కడ సాయంత్రానికి ఉరుములతో వాన పడుతుంది.

చూడండి, గాలి నీటిని చల్లబరిచింది, నీరు గాలిని చల్లబరిచింది, ఆ గాలి వానను తెచ్చింది. ఇందులో ఎవరు ఎవరిని నడిపించినట్టు? ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే. వాన గురించి మాట్లాడేటప్పుడు మనమందరం ఆకాశం వైపు చూస్తాం. సముద్రాన్ని ఆవిరి సరఫరా చేసే పెద్ద గంగాళంలా భావిస్తాం. అది చాలా పెద్ద పొరపాటు, దానివల్ల మనవాళ్ళు నష్టపోతున్నారు కూడా.

మా మేనమామది గూడూరు పక్కన పల్లెటూరు. చెరువు కింద మూడెకరాల మాగాణి. 2015 వేసవిలో టీవీ పెడితే చాలు, "ఎల్ నినో, ఎల్ నినో" అని మోత. పసిఫిక్ మహాసముద్రం నడిమి, తూర్పు భాగాల్లో పై నీరు మామూలు కన్నా వెచ్చబడడాన్నే ఎల్ నినో అంటారు. అంతకు ముందు ఏడూ వానల్లేవు. ఆగస్టులో మామయ్య ఫోన్ చేశాడు. "అల్లుడా, ఎల్ నినో అంట గదా, ఈ ఏడు ఇంక చుక్క పడదంట గదా?" అన్నాడు. నాకప్పటికి ఏమీ తెలియదు. పేపర్లో చదివిందే చెప్పాను, అవును మామయ్యా, కష్టమే అని. సెప్టెంబరులో ఆయన గడ్డి కొనలేక రెండు పాడి బర్రెలను అయినకాడికి అమ్మేశాడు. నారు పోయలేదు.

నవంబరులో మామయ్య ఊరి చెరువు కలుజు పారింది. గూడూరు దగ్గర జాతీయ రహదారి మీద నీళ్ళు పారి రాకపోకలు ఆగిపోయాయి. ఇక్కడ చెన్నైలో ఆ ఒక్క నెలలో వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడింది. మామూలుగా నవంబరులో పడేదానికి అది రెండింతలు మించి. ఆ తర్వాత డిసెంబరు 1న మొదలైన వాన ఒక్క రోజులో తాంబరంలో దాదాపు 49 సెంటీమీటర్లు, నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు కురిసింది. వేళచ్చేరిలో మేమున్న కింది వాటాలోకి నడుముల్లోతు నీళ్ళొచ్చాయి. మేడమీది వాళ్ళింట్లో రెండు రాత్రులు గడిపాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొవ్వొత్తి వెలుగులో నాకు గుర్తొచ్చింది మామయ్య బర్రెలు.

ఆ ఏడు ఎల్ నినో వచ్చిన మాట అబద్ధం కాదు. దేశం మొత్తం మీద నైరుతి రుతుపవన వర్షం 14 శాతం తగ్గింది. అదీ నిజమే. కానీ నెల్లూరు జిల్లాకూ, చెన్నైకీ ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్యపు వాన. ఎల్ నినో ఏడాదుల్లో ఈ వాన ఎక్కువగా పడే మొగ్గే కనిపిస్తుందని వాతావరణ శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. పసిఫిక్‌లో మేఘాలు లేచే చోటు తూర్పుకు జరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద గాలుల అమరిక కూడా మారుతుంది. ఏడాది చివర్లో తూర్పు గాలులు మన తీరానికి తేమను దండిగా మోసుకొస్తాయి. అనంతపురం రైతు నోట్లో మట్టి కొట్టిన ఎల్ నినోనే గూడూరు చెరువును నింపగలదు. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆ ఏడు మామయ్యకు ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

అసలీ ఎల్ నినో కథే గాలికీ నీటికీ ఉన్న సంబంధాన్ని మనిషి ఎంత ఆలస్యంగా గుర్తించాడో చెబుతుంది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు మన దేశ వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చాడు. అప్పటికి 1899 నాటి ఘోరమైన కరువు జనం మనసుల్లో ఇంకా మానని పుండు. వాన రాకను ముందే చెప్పగలిగే దారి వెతకడం ఆయన పని. ప్రపంచం నలుమూలల నుంచి లెక్కలు తెప్పించి కూర్చుని చూస్తే, పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, ఇటు పెరిగితే అటు తగ్గుతోంది. ఏతం బద్దలా ఊగే ఈ ఊగును ఆయన పట్టుకున్నాడు. కానీ ఎందుకు ఊగుతోందో చెప్పలేకపోయాడు, ఎందుకంటే ఆయన గాలిని మాత్రమే చూశాడు. అటు పెరూ జాలరులు క్రిస్మస్ రోజుల్లో తమ తీరానికొచ్చే వెచ్చటి నీటికి ఎప్పటినుంచో బాలయేసు పేరు పెట్టుకుని, నీటిని మాత్రమే చూశారు. రెండూ ఒకటేనని జాకబ్ బ్యర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు తేల్చి చెప్పింది 1969లో.

ఆయన చెప్పింది ఇది. పసిఫిక్‌లో గాలి తూర్పు నుంచి పడమరకు వీచి, వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపుకు నెట్టుకుపోతుంది. అక్కడ నీరు వెచ్చగా ఉంది కాబట్టి గాలి పైకి లేస్తుంది. అలా లేచిన చోటును నింపడానికి తూర్పునుంచి గాలి ఇంకా బలంగా వస్తుంది. గాలి బలం వల్ల వెచ్చటి నీరు, వెచ్చటి నీటి వల్ల గాలి బలం. ఏదైనా కారణంతో గాలి కాస్త సడలిందా, నీరు వెనక్కి జారుతుంది. నీరు జారితే గాలి ఇంకా సడలుతుంది. అదే ఎల్ నినో. విత్తు ముందా చెట్టు ముందా అని అడిగితే ఇక్కడ జవాబు లేదు.

సరే, అది పసిఫిక్. మరి మన సంగతి? ఇక్కడే నాకు అభ్యంతరం. పదివేల మైళ్ళ అవతలి సముద్రం పేరు ఇవాళ ప్రతి రైతు నోటా వినిపిస్తోంది. కాళ్ళకింద ఉన్న బంగాళాఖాతం ఈ ఏడు ఎలా ఉందని ఒక్కరూ అడగరు. 1997లో శతాబ్దపు అతి పెద్ద ఎల్ నినోల్లో ఒకటి వచ్చింది. దేశమంతా కరువు ఖాయమనుకుంది. వాన సగటు కన్నా 2 శాతం ఎక్కువే పడింది. 2002లో అంతకన్నా చాలా బలహీనమైన ఎల్ నినో వచ్చింది. వాన 19 శాతం తగ్గి, ఘోరమైన కరువు పట్టింది. ఎల్ నినో ఒక్కటే మన రాత రాస్తుంటే ఇలా జరగకూడదు. ఆ రెండేళ్ళకూ తేడా పసిఫిక్‌లో లేదు, మన పక్కనున్న హిందూ మహాసముద్రంలో ఉంది. భూమధ్యరేఖ దగ్గర ఈ సముద్రం పడమటి భాగంలో మేఘాలు కమ్ముకున్న ఏడాది మనకు మేలు, తూర్పున సుమత్రా వైపు కమ్ముకుంటే కీడు. 1997లో పడమరన కమ్మాయి, 2002లో తూర్పున. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన సులోచనా గాడ్గిల్ ఈ విషయాన్ని గట్టిగా వాదించి నిలబెట్టారు.

ఆవిడే 1984లో పి.వి. జోసెఫ్, ఎన్.వి. జోషిలతో కలిసి మరో సంగతి చూపించారు. మన చుట్టుపక్కల సముద్రం పై నీటి వేడి సుమారు 28 డిగ్రీలు దాటితేనే దాని మీద పెద్ద పెద్ద వాన మేఘాలు పుట్టే అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. అయితే దాటిన ప్రతిసారీ పుట్టవు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, నీరు వెచ్చబడ్డంత మాత్రాన వాన కాదు. చుట్టుపక్కల గాలులు అక్కడికొచ్చి కూడాలి, కూడిన గాలి పైకి లేవాలి. లేచిన ఆవిరి పైన చల్లబడి నీటిబొట్లయ్యేటప్పుడు, సముద్రం దగ్గర తీసుకున్న వేడిని గాలికి వదులుతుంది. ఆ వేడి చిన్నదేం కాదు. గడ్డకట్టే చల్లదనంలో ఉన్న నీటిని సలసల కాగేదాకా కాచడానికి ఎంత వేడి పడుతుందో, అదే నీటిని ఆవిరి చేయడానికి దానికి ఐదింతలకు పైగా పడుతుంది. ఆ మొత్తం మేఘంలో విడుదలై గాలిని ఇంకా పైకి తోస్తుంది, కింద నుంచి ఇంకా గాలి వచ్చి చేరుతుంది. వాన ఒకసారి పట్టుకుంటే తనను తానే పెంచుకునేది ఇందుకే.

మరి ఆగేదెలా? అదీ సముద్రం చేతిలోనే ఉంది. మేఘాలు ఎండను కప్పేస్తాయి. గాలి నీటిని కలియదిప్పి ఆవిరిని ఎగరేసుకుపోతుంది. వారం పది రోజుల్లో పై నీరు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడుతుంది. వాన వెనకబడుతుంది. ఆకాశం తేటపడి ఎండ కాస్తే నీరు మళ్ళీ వెచ్చబడుతుంది. ఆ పైన దక్షిణం నుంచి మరో మేఘాల బారు బంగాళాఖాతం మీదుగా ఉత్తరానికి కదులుతుంది. మన పెద్దలు "వాన పట్టింది", "వాన తెరిపి ఇచ్చింది" అని చెప్పుకునే విడతలు, సుమారుగా నెల నుంచి నెలన్నరకొకసారి తిరిగొచ్చే ఈ ఊపిరే. చాలామంది గాలిని గాలి శాఖకూ, నీటిని నీటి శాఖకూ వదిలేసినట్టు మాట్లాడుతారు. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు. వీటిని విడదీసి ఏ ఒక్కదాన్నీ అర్థం చేసుకోలేం.

ఇందులో బంగాళాఖాతానిది ప్రత్యేకమైన తీరు. జూన్, జూలైల్లో అరేబియా సముద్రం మీద గాలి విపరీతంగా వీచి, ఆ నీటిని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. అడుగు చల్లదనం పైకొచ్చి చాలా భాగం చల్లబడిపోతుంది. అదే గాలి బంగాళాఖాతం మీదా వీస్తుంది, కానీ ఇది అంతగా చల్లబడదు. ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఇందులోనే కలుస్తాయి. పైగా వాన నేరుగా దీని మీదే కురుస్తుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక. అది పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. కవ్వం ఆ మీగడను దాటి లోపలికి దిగలేదు. అందువల్ల ఎండ వేడంతా పైనున్న పలచటి పొరలోనే నిలవ ఉంటుంది, 28 డిగ్రీల గీతకు పైనే ఉంటుంది. సముద్రం పైన రెండున్నర మీటర్ల నీరు పట్టి ఉంచే వేడి, దాని మీదున్న ఆకాశమంతటి గాలీ పట్టి ఉంచే వేడికి దాదాపు సమానం. ఇక్కడ ఎన్ని మీటర్ల నీరు వెచ్చగా ఉందనేది ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఆ మీగడ ఒకచోట ఉండదు. అక్టోబరు వచ్చేసరికి తీరం వెంబడి ప్రవాహం దిక్కు మార్చుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. ఉత్తరాది నదుల నీటిని ఒడిశా, ఆంధ్ర తీరాల పక్కగా చెన్నై దాకా మోసుకొస్తుంది. హిమాలయాల్లో ఆగస్టులో పడిన వాన, నవంబరులో మన ముందున్న సముద్రపు పై పొరను తయారు చేస్తోందన్నమాట. సరిగ్గా మన తుపానుల కాలం కూడా అదే. మామూలుగా తుపాను నీటిని కలియదిప్పి, అడుగు చల్లదనాన్ని పైకి తెచ్చి, తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. బంగాళాఖాతంలో మీగడ మందంగా ఉన్నచోట ఆ కళ్ళెం సరిగా పడదు. ఈ ఒక్క సంగతి ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 2023లో మిచౌంగ్ తుపాను ఇక్కడ డిసెంబరు 3, 4 తేదీల్లో మా వీధుల్ని ముంచి, తీరం పక్కనే నెమ్మదిగా నడుచుకుంటూ పోయి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నైలో ఉన్న నాకూ, బాపట్లలో ఉన్న మా పిన్నికీ ఒకే సముద్రం, ఒకే గాలి. పైగా 1951 నుంచి 2015 లోపు ఉష్ణమండల హిందూ మహాసముద్రం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగలిగే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఆ మీగడ మందమెంత, దాని కింద నీరెంత చల్లగా ఉంది అన్నది ఉపగ్రహానికి కనబడదు. అది నీటి పై చర్మాన్ని మాత్రమే చూస్తుంది. దట్టమైన మేఘాలు, జోరు వాన కమ్మినప్పుడు, అంటే మనకు కావలసిన సమయంలోనే, అదీ సరిగా కనబడదు. లోపలి సంగతి తెలియాలంటే నీళ్ళలో పరికరం ఉండాలి. రెండువేల మీటర్ల లోతు దాకా మునిగి, పది రోజులకొకసారి పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపే ఆర్గో తేలియాడే గొట్టాలు ఉన్నాయి. నడిసముద్రంలో లంగరు వేసి నిలిపిన తేలే కొలత పరికరాలు, బోయ్‌లు ఉన్నాయి. మేముండే చోటికి దగ్గరలోనే, పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు వాటిని తయారుచేసి, మూడువేల మీటర్లకు పైగా లోతున్న చోట్ల కూడా దింపి వస్తారు. గాలి వేగం, పీడనం, తేమ పైన కొలుస్తూ, నీటి వేడినీ ఉప్పదనాన్నీ ఐదువందల మీటర్ల లోతు దాకా కొలుస్తాయవి. గాలినీ నీటినీ ఒకేచోట, ఒకే క్షణంలో కలిపి చూసే కన్ను మనకు అంతకన్నా మంచిది లేదు.

ఆ బోయ్‌ల పనిమీద ఓడెక్కి వెళ్ళొచ్చే మిత్రుడొకడు నాకున్నాడు. ఒకసారి ఫోనులో ఫొటో చూపించాడు. పసుపు రంగు బోయ్, నీటికి తగిలే అంచు నిండా నాచు, గుల్లలు. పైన సౌరపలకలు ఉండాల్సిన చోట ఉత్త చట్రం. గాలిని కొలిచే గిన్నెల కాడ వంగిపోయి ఉంది. కిందికి దిగాల్సిన తీగ, చెయ్యంత పొడవున తెగి వేలాడుతోంది. "తుపాను చేసింది కాదు, మనుషులు చేసింది" అన్నాడు. తేలే వస్తువు నీడన చేపలు చేరతాయి. చేపల కోసం పడవలు వస్తాయి. తాడు కడతారు, వలలు చిక్కుకుంటాయి, ఎవరో ఒకరు పలకలు విప్పుకుపోతారు. ఆ తెగిన తీగ నా కళ్ళముందు చాలా రోజులు కదిలింది.

నేను జాలరులను తప్పుపట్టబోవడం లేదు. డీజిలు ఖర్చు నెత్తిన పెట్టుకుని నడిసముద్రానికి వెళ్ళినవాడికి చేప ఎక్కడ కనిపిస్తే అక్కడ వల వేయాల్సిందే. ఆ బోయ్ దేనికోసం అక్కడుందో వాళ్ళ భాషలో, వాళ్ళ రేవులో కూర్చుని చెప్పే ప్రయత్నాలు జరుగుతున్నాయి, కానీ చాలవు. 2017 నవంబరు చివర ఓఖీ, వాయుగుండంగా మొదలైన మర్నాటికే తుపానుగా మారింది. అప్పటికే సముద్రం మీదున్న కన్యాకుమారి, కేరళ జాలరులు ఎంతమంది తిరిగి రాలేదో మనం చూశాం. అంత వేగంగా బలపడే తుపానును ముందుగా పసిగట్టడానికి పనికొచ్చే కొలతల్లో ఈ బోయ్ ఇచ్చేది ఒకటి. అది ఎవరి ప్రాణం కోసమో కాదు, పడవలో ఉన్నవాడి ప్రాణం కోసమే నీళ్ళలో ఉంది. కాశిమేడు నుంచి నిజాంపట్నం దాకా ప్రతి రేవులో ఈ మాట చేరాలి. చేపలెక్కడ దొరుకుతాయో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ చెప్పే సూచన కూడా నీటి వేడిని చూసి చెప్పేదే కదా. దాన్ని నమ్మేవాళ్ళకు దీన్ని నమ్మించడం కష్టం కాదు.

రైతుకు ఇవన్నీ ఎందుకు, వాన వస్తుందా రాదా చెబితే చాలదా అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. చాలదు. "వస్తుందా రాదా" అని ఒక్క ముక్కలో అడిగినందుకే 2015లో మా మామయ్యకు ఒక్క ముక్కలో తప్పు జవాబొచ్చింది. ఏ కాలపు వాన, ఏ తీరానికి, ఏ నెలలో అని విడగొట్టి చెప్పాలి. పేపర్లు, టీవీలు ఎల్ నినో అన్న ప్రతిసారీ పక్కనే బంగాళాఖాతం ఎలా ఉందో కూడా చెప్పాలి. సముద్రం పై నీటి వేడి పటాలు ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. క్రికెట్ స్కోరు చెప్పినంత సులువుగా వాటిని వార్తల్లో చెప్పొచ్చు.

నేనైతే ఆ పని మొదలుపెట్టాను. ఆగస్టు నుంచి వారానికోసారి ఆ పటం చూసి మామయ్యకు ఫోన్ చేస్తాను. మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటాయి, సాగంతా మా బావ చూసుకుంటున్నాడు. అయినా ఆదివారం పొద్దున నేను చేయకపోతే ఆయనే చేస్తాడు. "ఏం అల్లుడా, మన సముద్రం ఎట్టుండాది? మీగడ మందంగా కట్టిందా?" అంటాడు. నేను పటం తెరిచి, నీటి వేడి మచిలీపట్నం దగ్గర ఎంతుందో, మన తీరం దగ్గర ఎంతుందో చదివి వినిపిస్తాను. ఆయన అవతల నుంచి బావను కేకేసి, నారు సంగతి మాట్లాడడం మొదలుపెడతాడు.